ఎడమ చేతిలో లాంతరు

ఉదయం ఏడు గంటలకి పఠన మందిరం ముందు నల్లబల్ల మీద ఏం రాసి ఉంటే అదే ఆ ఊరి చరిత్ర. కాదనేవాళ్ళు కూడా ఏడున్నరకల్లా వచ్చి, చదివి మరీ కాదనేవారు. ఇరవై రెండేళ్ళుగా ఆ బల్ల దగ్గర సుద్దముక్క పట్టింది ఒకే మనిషి, ప్రూఫు మాస్టారు.

ఆయన ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. ముప్పై ఏళ్ళు ప్రెస్సులో కూర్చుని ఇతరుల తప్పులు దిద్దారు. ఒకసారి పెళ్ళిపత్రికలో పెళ్ళికూతురి పేరు ఉండాల్సిన చోట ఆమె తల్లి పేరు పడితే, ఆఖరి నిమిషంలో పట్టుకుని ఆ కాపురం నిలబెట్టింది తనేనని ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రెస్సులో కాగితాలు చాలక ఊరిని కూడా దిద్దడం మొదలుపెట్టారని ఆయన భార్య అంటుంది.

మొదటి వీధి దీపం ఏ మూల వెలిగిందో, ఆసుపత్రి బావి ఎవరు తవ్వించారో, ఏరు ఏ ఏడు ఎక్కడిదాకా వచ్చిందో అన్నీ ఆ బల్ల మీదకి ఎక్కాయి. ఎక్కాలంటే మాత్రం ఒక షరతు. సంగతి ఇద్దరు చెప్పాలి, అదీ ఒకరి మాట ఒకరు వినకుండా, విడివిడిగా. ఒక్క నోటి మాటని మాస్టారు నోటుబుక్కులో రాసుకుని, పక్కన ఎర్ర సిరాతో సున్నా చుట్టి వదిలేసేవారు. రెండో నోరు దొరికిన రోజున ఆ సున్నాలో టిక్కు పడేది. తన బోర్డు మీద ఇంతవరకూ ఒక్క తప్పు కూడా పోలేదని ఆయన ధీమా. వీధిలో నడుస్తుంటే ఆయన కంటే ఆయన ఛాతీ రెండంగుళాలు ముందు వెళ్ళేది.

ఆ బుధవారం అది నాలుగంగుళాలు ముందుంది. మూతపడిన పెంకుల ఫ్యాక్టరీ నుంచి పాత కూత గొట్టాన్ని తెచ్చి, నాలుగు రోడ్ల కూడలిలో దిమ్మె కట్టి నిలబెడుతున్నారు. ఆదివారం ప్రారంభం. నలభై ఏళ్ళ కిందట ఏటి కట్ట తెగిన తెల్లవారుజామున, వేళ కాని వేళ ఆ కూత మోగింది. పల్లపు వీధి మొత్తం పిల్లాజెల్లాతో లేచి మెరక మీదకి పరుగెత్తింది. ఇళ్ళు పోయాయి గానీ ఒక్క ప్రాణం పోలేదు. దిమ్మెకి బిగించే రాతి పలక మీద ఆ సంగతి ఏ మాటల్లో ఉండాలో రాసిచ్చే పని కమిటీ మాస్టారికే అప్పజెప్పింది. ఆయన వాక్యం సుద్దలో కాకుండా రాతిలో పడబోవడం ఇదే మొదలు.

రాసింది పైకి చదివి సరిచూడాలన్నది ప్రెస్సు అలవాటు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు రెండో ప్రతి మీద వేలు నడిపించాలి. కళ్ళు దాటేసిన తప్పుని చెవి పట్టుకుంటుందని ఆయన నమ్మకం. లైబ్రేరియన్ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు.

"ఏటి కట్ట తెగిన తెల్లవారుజామున, పెంకుల ఫ్యాక్టరీ కాపలాదారు, అందరూ 'ఈలాయన' అని పిలుచుకున్న మనిషి, ఎడమ చేతిలో లాంతరు, కుడి చేత్తో గొలుసు పట్టి, ఆగకుండా కూత వేసి పల్లపు వీధిని నిద్ర లేపాడు. ఆ రోజు ఒక్క ప్రాణం కూడా పోలేదు."

"అంతా సరిగ్గా ఉందండీ," అంది లైబ్రేరియన్ అమ్మాయి.

అలమరాల వెనక తడిగుడ్డతో నేల తుడుస్తున్న చప్పుడు ఆగిపోయింది. పఠన మందిరాన్ని పంతొమ్మిదేళ్ళుగా ఊడ్చి, కుండల్లో నీళ్ళు పట్టి, సాయంత్రం తాళం వేసే ఆయమ్మ గుడ్డ పిండుతూ ఇవతలికి వచ్చింది.

"ఇది ఎక్కడ పెడతారండీ?"

"కూడలిలో ఆయమ్మా. రాయి మీద చెక్కిస్తున్నారు."

"రాయి మీదా? అయితే ఇంక చెరపడానికి ఉండదు."

"అందుకే కదా రాయి!" అన్నారు మాస్టారు హుషారుగా.

"అయితే తప్పండీ అది. ఆ కూత వేసింది మా వదిన."

మాస్టారు కళ్ళజోడు తీశారు. ఎవరైనా తప్పు అంటే ఆయన ముందుగా చేసే పని అదే. "మీ వదినా? ఏ వదిన?"

"బొగ్గులక్క అనేవారు చూడండి, ఆవిడే. మా అన్నయ్య పెళ్ళాం. అన్నయ్య బాయిలరు దగ్గర పనిచేసేవాడు. నడుం విరిగి మంచాన పడితే, ఏడాదిన్నర ఆ పని మా వదినే చేసింది. రిజిస్టర్లో అన్నయ్య పేరు, చేతిలో పార మాత్రం వదినది. ఆడమనిషిని బాయిలరు దగ్గర పెట్టకూడదని రూలంట. యజమాని చూసీ చూడనట్టు ఉండేవాడు."

"నీకెలా తెలుసు?"

"బొగ్గు తట్టలు అందించింది నేనే కదండీ. అప్పుడు నాకు పదహారేళ్ళు." ఆమె గుడ్డని బకెట్టు అంచున వేసి చేతులు చీరకి తుడుచుకుంది. "సెలవు మర్నాడు. ఆరింటికి షిఫ్టు కూత పడాలంటే రెండింటికే మంట పెట్టాలి. మంట అందుకునేసరికి వెనక గుమ్మంలోంచి నీళ్ళు. ముందు పాదాలు తడిశాయి, తర్వాత మడమలు. గడియారంలాంటిది ఉంటుంది చూడండి, దాని ముల్లు ఇంకా లేవలేదు. నీళ్ళు పొయ్యిలోకి ఎక్కేలోగా ఆవిరి ఎక్కాలి. నన్ను పొమ్మంది. నేను పోలేదు. తట్ట మీద తట్ట ఇచ్చాను. ముల్లు లేచింది, కూత పడింది. పొయ్యి ఆరిపోయేదాకా లాగుతూనే ఉంది."

లైబ్రేరియన్ అమ్మాయి వేలు కాగితం మీద ఉన్నచోటే ఉండిపోయింది.

"పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉన్నావు కదా ఆయమ్మా, ఒక్కనాడూ చెప్పలేదేం?" మాస్టారి గొంతులో కొంచెం కోపం ఉంది.

"మీరు బోర్డు మీద రాస్తారు గానీ చదివి వినిపించరు కదండీ. నాకు చదువు రాదు. మీరు పొద్దున్న ఏదో రాస్తారు, సాయంత్రం నేను తుడిచేస్తాను. ఈలాయన వేశాడని ఎవరైనా అంటే ఊరికే అనుకుంటున్నారనుకున్నాను. అది మీరు రాసిందని ఇవాళే విన్నాను."

మాస్టారు నోటుబుక్కు తెరిచి ఆమె చెప్పినదంతా రాసుకున్నారు. అలవాటు ప్రకారం పక్కన ఎర్ర సున్నా చుట్టారు. "రాసుకున్నానమ్మా. కానీ నా పద్ధతి నీకు తెలుసుగా. ఈలాయనకి ఇద్దరు సాక్షులున్నారు. మీ వదినకి నువ్వొక్కదానివే. పైగా అయినదానివి."

"నేనేం రాయమన్లేదు కదండీ. మా వదిన పోయి పదేళ్ళయింది, పిల్లలా లేరు, అడిగేవాళ్ళు ఎవరున్నారు? ఆవిడ పేరు రాయకపోతే మానెయ్యండి. లేనిది మాత్రం రాయకండి." బకెట్టు తీసుకుని ఆయమ్మ రెండో గదిలోకి వెళ్ళిపోయింది. ఆ గదిలో నేల ఆ రోజు కొంచెం ఎక్కువసేపే తుడిచింది.

* * *

ధీమా ఉన్న మనిషికి అనుమానం వస్తే కాలు నిలవదు. మధ్యాహ్నం ఎండలోనే మాస్టారు ఫ్యాక్టరీ షెడ్డుకి వెళ్ళారు. అక్కడ ఫిట్టరు కూత గొట్టానికి తుప్పు గీకి రంగు వేయిస్తున్నాడు. పదేళ్ళ కిందట ఈ ఊరికి బతకడానికి వచ్చిన మనిషి కాబట్టి వరద సంగతి అతనికి తెలియదు. గొట్టాల సంగతి మాత్రం బాగా తెలుసు.

"ఏమయ్యా, ఇది ఎప్పుడు కావాలంటే అప్పుడు మోగుతుందా?"

"ఇప్పుడైతే మోగుతుంది మాస్టారూ, గాలి మిషను తగిలించాను. అప్పట్లో ఆవిరితో కదా. బాయిలరు వేడిగా ఉంటేనే."

"చల్లగా ఉంటే?"

"మంట పెట్టి రెండు గంటలు, మూడు గంటలు ఆగాలి. సెలవు మర్నాడైతే ఇనుము రాయిలా చల్లబడి ఉంటుంది."

"అంటే కాపలాదారు గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చి గొలుసు లాగితే…"

"ఉత్త గొలుసు చేతికొస్తుంది," అని నవ్వాడు ఫిట్టరు. "ముందే ఎవరో మంట పెట్టి ఉండాలి. ఎవరు పెట్టారో నన్నడుగుతారేంటి? చరిత్ర మీది."

ఆవిరి ఎక్కడిదన్న ప్రశ్న ఇన్నేళ్ళలో తనకి ఒక్కసారీ తట్టలేదు. ఆ మాట లోపల ముల్లులా గుచ్చుకుంది. ఆయన గొట్టం చుట్టూ ఒకసారి తిరిగి, ఎడమ చేతిలో నోటుబుక్కు అలాగే పట్టుకుని, కుడి చేత్తో గొలుసు అందుకుని లాగారు. అది అంగుళం కూడా దిగలేదు. మళ్ళీ లాగారు. భుజం కలుక్కుమంది.

"పుస్తకం కింద పెట్టి లాగండి మాస్టారూ."

"ఆదివారం లాగేవాళ్ళు లాగుతారులే," అని ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వయసు మీద పడిందని ఎవరి ముందూ ఒప్పుకోవడం ఆయనకి ఇష్టం లేదు.

మర్నాడు పొద్దున్నే మంగలి దుకాణానికి వెళ్ళారు. ఈలాయన విషయంలో మొదటి సాక్షి ఈ మంగలే. గడ్డానికి నురుగు పట్టించుకుని కూర్చుని, ఏదో కాలక్షేపానికి అడిగినట్టు అడిగారు.

"నా కళ్ళతో చూశాను మాస్టారూ!" మంగలి కత్తి గాల్లో తిప్పాడు. "ఎడమ చేతిలో లాంతరు, కుడి చేత్తో గొలుసు. ఆ మనిషి అలా నిలబడి ఉంటే…"

"నీకప్పుడు ఎన్నేళ్ళు?"

"ఎనిమిది."

"ఎక్కడున్నావు?"

"మెరక మీద. మా నాన్న భుజాల మీద కూర్చున్నాను."

"మెరకకీ కూత గొట్టానికీ మధ్య ఏముండేది?"

"ఏముంది, పెంకుల బట్టీ గోడ." కత్తి చెంప మీద ఆగింది. "పెద్ద గోడే."

"గోడ అవతల లాంతరు నీకెలా కనిపించిందయ్యా?"

మంగలి కత్తి మీది నురుగు గుడ్డకి తుడిచాడు. "అందరికీ కనిపించింది కదా మాస్టారూ," అన్నాడు చివరికి. ఆ గొంతులో అబద్ధం లేదు. అతను నిజంగానే చూశానని నమ్ముతున్నాడు.

రెండో సాక్షి రిటైరయిన కాంపౌండరు. ఆయన అరుగు మీద కూర్చుని మందుల డబ్బాలు సర్దుకుంటున్నాడు. అడగ్గానే కళ్ళు మూసుకుని, ఆ దృశ్యం లోపల చూస్తున్నట్టుగా చెప్పాడు: "ఎడమ చేతిలో లాంతరు, కుడి చేత్తో గొలుసు. ఆగకుండా కూత."

మాస్టారు ఇంకేమీ అడగలేదు. ప్రెస్సులో ఆయన నేర్చుకున్న మొదటి పాఠం ఒకటుంది. రెండు పుస్తకాల్లో ఒకే తప్పు ఒకే చోట కనిపిస్తే, ఒకదాన్ని చూసి రెండోది కంపోజు చేశారని అర్థం. నిజంగా చూసిన ఇద్దరు ఒకే సంగతిని ఒకే మాటల్లో, అదీ ఒకే వరసలో చెప్పరు. ఒకడు గొలుసు ముందు చెబుతాడు, ఇంకొకడు లాంతరు మర్చిపోతాడు. ఈ ఇద్దరూ ఎక్కడినుంచో చదివి చెబుతున్నారు.

ఎక్కడినుంచో ఆయనకి అప్పటికే అర్థమైంది. అయినా ఇంటికి వెళ్ళి, అటక మీద నుంచి మొదటి నోటుబుక్కు దింపి, దుమ్ము దులిపి చూశారు. అందులో అతికించిన పాత పత్రిక ముక్క: ప్రమాదాన్ని ముందే గుర్తించి కాపలాదారు హెచ్చరించాడని ఫ్యాక్టరీ యజమాని చెప్పినట్టు రెండు లైన్లు. యజమాని ఎందుకలా చెప్పాడో ఇప్పుడు తెలుస్తోంది. బాయిలరు దగ్గర ఆడమనిషి ఏం చేస్తోందని ఎవరూ అడగకుండా. దాని కింద తను బోర్డు కోసం రాసుకున్న వాక్యం. ఇద్దరు చెప్పాలనే నియమం ఇంకా పెట్టుకోని తొలి రోజులవి. మంగలి, కాంపౌండరు సాక్ష్యాలు ఆ తర్వాతి పేజీల్లో ఉన్నాయి. తేదీలు చూశారు. బోర్డు మీద రాసిన పదకొండు నెలలకి మంగలి, ఏడాదికి కాంపౌండరు.

"ఏం వెతుకుతున్నారు భోజనం మానేసి?" అంటూ భార్య గుమ్మంలోకి వచ్చింది.

"పత్రికలో లాంతరు లేదు. లాంతరు ఎవరు చెప్పారో కనబడ్డం లేదు."

"ఈలాయన లాంతరా? అది మీరే పెట్టారుగా."

"నేనా?"

"మీరే. ఒక లైను బోసిగా ఉందే అన్నారు. కుడి చేత్తో గొలుసు లాగితే ఎడమ చెయ్యి ఊరికే ఎందుకుంటుంది, చీకట్లో వచ్చేవాడు లాంతరు లేకుండా వస్తాడా అన్నారు. నేనూ నిజమే అన్నాను. ఉల్లిపాయలు తరుగుతున్నాను అప్పుడు, నాకు బాగా గుర్తు."

మాస్టారు అటక నిచ్చెన మీదే కూర్చుండిపోయారు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. ఊరందరి తప్పులూ ఎర్ర సిరాతో దిద్దిన మనిషి, ఊరందరి బుర్రల్లో స్వయంగా ఒక తప్పు అచ్చువేసి, దాన్నే మళ్ళీ వాళ్ళ నోట విని టిక్కు పెట్టుకున్నాడు. ఆయనకి దొరికిన రెండు నోళ్ళూ ఆయన నోరే.

"ఇప్పుడేం చేస్తారు?"

"దిద్దుతాను."

"ఊరంతా తిరిగి ఒక్కొక్కరి బుర్రలోంచీ లాంతరు పట్టుకొస్తారా?" అంది ఆవిడ. నవ్వుతూనే అంది గానీ, చెయ్యి మాత్రం ఆయన భుజం మీద వేసింది. "లేవండి. ముందు అన్నం తినండి. తప్పు ఎక్కడికీ పారిపోదు."

* * *

శుక్రవారం మాస్టారి ఛాతీ మామూలుగానే ముందుంది. దిద్దాల్సిన తప్పు తనదే అయినప్పుడు కూడా దిద్దడంలో ఆయనకి ఒక ఊపు వస్తుంది. ఆ ఊపులోనే ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్ళి, కమిటీ అధ్యక్షుడికి జరిగిందంతా దాచకుండా చెప్పేశారు.

అధ్యక్షుడు మేకులు తూస్తూ విన్నాడు. తూకం పూర్తయ్యాక అన్నాడు: "ఆహ్వానాలు పంచేశాం. ఈలాయన కొడుకు టైలరు చుట్టాలందర్నీ పిలుచుకున్నాడు. మీకు కొత్త చొక్కా కూడా కుడుతున్నాడు. ఇప్పుడు వెళ్ళి మీ నాన్న కాదట అని చెబుతారా? సరే, చెప్పండి. మరి ఆ బొగ్గులక్కకి సాక్షులెందరు?"

"ఒకరు. ఆయమ్మ."

"ఒక్కరైతే మీరు బోర్డెక్కించరు కదా మాస్టారూ. రూలు మీదే." అతను మేకుల పొట్లం కట్టి దారం కొరికాడు. "ఊరుకోండి. నలభై ఏళ్ళ కిందటి కూత. ఎవరు వేస్తే ఏం, జనం బతికారు."

ఆ మాటతో మాస్టారికి ఒళ్ళు మండింది. ఎవరు వేస్తే ఏం అనుకుంటే ఈ ఊళ్ళో నల్లబల్ల ఎందుకు, తనెందుకు? నీళ్ళలో నిలబడి ముల్లు లేచేదాకా కదలని మనిషిని అలా తేల్చెయ్యడం ఆయన వల్ల కాలేదు. కానీ రూలు సంగతి అధ్యక్షుడు సరిగ్గానే పట్టుకున్నాడు. ఒక్క నోటి మాట రాతికెక్కిస్తే, మొదటిసారి చేసిన తప్పే రెండోసారి చేసినట్టవుతుంది.

టైలరు దుకాణం ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి మూడోసారి లోపలికి అడుగుపెట్టారు. టైలరుకి యాభై ఏళ్ళుంటాయి, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. గోడ మీద ఈలాయన ఫోటో. దాని కింద, అద్దం పెట్టించి, బోర్డు మీది వాక్యం మాస్టారి చేత్తోనే రాయించుకున్న కాగితం.

"రండి మాస్టారూ, కాజాలు ఒక్కటే మిగిలాయి. చేతులు చాపండి, మణికట్టు మళ్ళీ చూస్తాను."

"చొక్కా సంగతి తర్వాత. కూర్చో. నీకొక మాట చెప్పాలి."

చెప్పారు. ఆవిరి సంగతి, లాంతరు సంగతి, కూత వేసింది వేరే మనిషని ఒకరు చెప్పిన సంగతి. ఆ మనిషి ఎవరన్నది మాత్రం, తన పద్ధతి ప్రకారం, బయటపెట్టలేదు. టైలరు మిషను చక్రం మీద చెయ్యి పెట్టి, సూది దిగిన చోట చూస్తూ విన్నాడు. చెప్పడం అయింది. తర్వాత సూది పైకెత్తి, గుడ్డ బయటికి తీసి, దారం తెంపాడు.

"చొక్కా రేపు పొద్దున్నకి ఇస్తాను," అన్నాడు.

అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారికి.

రాతిపని మేస్త్రీ పలకని రెండు దుంగల మీద పడుకోబెట్టి, తడిగుడ్డతో తుడిచి, మాటల కోసం ఎదురుచూస్తున్నాడు. మాస్టారు కాగితం ఇచ్చారు. ఏటి కట్ట తెగిన తెల్లవారుజామున, అన్న మొదటి లైను ఉంది. ఒక్క ప్రాణం కూడా పోలేదు, అన్న ఆఖరి లైను ఉంది. మధ్యలో ఖాళీ.

"ఇక్కడేం రాయాలండీ?"

"ఇంకా తెలియదయ్యా."

మేస్త్రీ ఆయన్ని ఎగాదిగా చూశాడు. ఈ మాట ఈయన నోట వస్తుందని అతను అనుకోలేదు. "పైదీ కిందదీ ఇవాళ చెక్కుతాను. మధ్యలోది రేపు తొమ్మిదింటికల్లా రావాలి. లేదంటే ఖాళీగానే బిగించేస్తాను, నన్నేం అనకూడదు."

* * *

శనివారం ఏడింటికి మాస్టారు నల్లబల్ల ముందు నిలబడ్డారు. కొత్త సుద్దముక్క విరిచి, ఎప్పటిలాగే గుండ్రటి అక్షరాలతో, ఎప్పటికంటే పెద్దగా రాశారు:

"ఈలాయన చేతిలో లాంతరు ఉన్నదని ఇరవై రెండేళ్ళ కిందట ఈ బోర్డు మీద రాశాను. అది నాకెవరూ చెప్పలేదు. నేనే కల్పించాను. కూత ఆయన వేశాడన్నదానికి కూడా నా దగ్గర సరైన సాక్ష్యం లేదు. చూసినవారు ఎవరైనా ఉంటే, నేను రాసింది పక్కనపెట్టి, చూసింది మాత్రం చెప్పండి. ఇట్లు, ప్రూఫు మాస్టారు."

రాయడం అయ్యాక వెనక్కి తిరిగి, మందిరం లోపలికి కేకేశారు: "ఆయమ్మా, ఇలా రా. చదివి వినిపిస్తాను."

ఆమె చీపురుతోనే వచ్చి నిలబడింది. ఆయన మొదటినుంచి చివరిదాకా పైకి చదివారు. అప్పటికి పదిమంది పోగయ్యారు. పాలు పోయించుకుని వెళ్తున్న మంగలి కూడా ఆగాడు. "మరి నేను చూసిన లాంతరు?" అన్నాడు దిగులుగా. ఎవరో నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "అది నాదయ్యా. నీకు అరువిచ్చాను. తిరిగి తీసుకుంటున్నాను," అన్నారు.

జనం వెనక టైలరు ఉన్నాడు. చేతి మీద మడత పెట్టిన తెల్లచొక్కా. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. దారి ఇమ్మని అడక్కుండానే జనం పక్కకి జరిగారు. అతను బోర్డు దాకా వచ్చి, అక్కడ రాసింది ఇంకోసారి చదువుకుని, మాస్టారివైపు తిరిగాడు.

"కూత వినపడ్డప్పుడు మా నాన్న ఇంట్లో ఉన్నాడు మాస్టారూ. నా పక్కనే. మూడు రోజులుగా జ్వరం, డ్యూటీకి పోలేదు. ఆ కూతకే మేమూ లేచాం."

మాస్టారు సుద్దముక్క బల్ల అంచున పెట్టారు.

"నాకు పదేళ్ళప్పుడు. అంతా గుర్తుంది. ఆయన పోయేదాకా అంటూనే ఉండేవాడు, బొగ్గులక్క కూత వెయ్యకపోతే మనం లేమురా అని. మరి మీరు బోర్డు మీద ఆయన పేరు రాశారు. మా అమ్మ ఇక్కడే, ఈ మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. బతికున్నన్నాళ్ళూ ఆయన్ని ఒరేయ్ అనేవాళ్ళే గానీ మనిషిగా చూసినవాళ్ళు లేరు. అమ్మ మొహం చూశాక నాకు నోరు రాలేదు. తర్వాత ఇంక ఎలా చెప్పాలో తెలియలేదు." చొక్కా మడత మీద లేని నలకని అతను రెండుసార్లు దులిపాడు. "మీకు రెండో నోరు కావాలిగా. రాసుకోండి."

మాస్టారు నోటుబుక్కు తీశారు. ఎర్ర సున్నా ఉన్న పేజీ వెతికి పట్టుకున్నారు. సున్నాలో టిక్కు పెట్టారు. తల ఎత్తేసరికి ఆయమ్మ టైలరునే చూస్తోంది.

"మరి ఈల సంగతి చెప్పవేం బాబూ?" అంది.

"ఏ ఈల?"

"మీ నాన్న ఈల. కూత ఆగిపోయాక మా వదినా నేనూ నడుముల్లోతు నీళ్ళలో బయటపడుతుంటే, పల్లపు వీధిలో ఈల వినపడుతూనే ఉంది. ఈ సందులోంచి ఆ సందులోకి. నిద్ర లేవనివాళ్ళ కోసం తిరుగుతున్నాడని మా వదిన అంది. ఆ ఈల వినపడే వైపు నడిచే మేం ఒడ్డెక్కాం."

టైలరు పెదాలు బిగించి తలూపాడు. "నన్ను మెరక మీద దింపి మళ్ళీ వెళ్ళాడు. జ్వరంతోనే," అన్నాడు. చొక్కాని ఆయమ్మ చేతుల్లో పెట్టి మొహం తుడుచుకున్నాడు.

ఒకరి ఎదుట ఒకరు చెప్పినా ఇద్దరి మాటలూ వేరువేరు కాబట్టి, మాస్టారు ఇంకో సున్నా చుట్టి, అక్కడికక్కడే టిక్కు పెట్టారు. ఇంత తొందరగా ఏ సంగతికీ రెండు నోళ్ళు దొరకలేదు ఆయన జన్మలో. గడియారం చూశారు. ఎనిమిదిన్నర. మెట్టు మీద కూర్చుని, మోకాలి మీద కాగితం పెట్టుకుని, రాతి పలక మధ్యలో ఖాళీకి కావలసిన మాటలు గబగబా రాశారు. లైబ్రేరియన్ అమ్మాయి చేతికి ఒక ప్రతి ఇచ్చి, ఆయమ్మని ఎదురుగా కూర్చోమన్నారు.

"నేనెందుకండీ?"

"కళ్ళతో పట్టుకోలేని తప్పు చెవి పట్టుకుంటుందమ్మా. విను." గొంతు సవరించుకున్నారు. "'నీళ్ళు చుట్టుముడుతున్నా కదలకుండా మంట నిలబెట్టి, ఆవిరి రాగానే, బొగ్గులక్క కుడి చేత్తో గొలుసు లాగి…'"

అక్కడ ఆగిపోయారు. తన గొంతు తనకే ఎక్కడో విన్నట్టనిపించింది. ఇరవై రెండేళ్ళ కిందట అడగాల్సినవాళ్ళని అడగకుండా, ఉల్లిపాయలు తరుగుతున్న భార్యని అడిగిన ప్రశ్న ఇప్పుడు నోటిదాకా వచ్చింది.

"ఆయమ్మా, ఎడమ చెయ్యి ఏం చేస్తోంది?"

ఆయమ్మ ఆయన్ని విచిత్రంగా చూసింది. "ఎడమ చెయ్యి ఏం చెయ్యడమేంటండీ? రెండు చేతులా లాగింది. అంత గొలుసు ఒక చేత్తో లాగితే వస్తుందా?"

షెడ్డులో అంగుళం కూడా దిగని గొలుసు మాస్టారి భుజానికి గుర్తొచ్చింది. ఆయన 'కుడి చేత్తో' అన్న మాటని ప్రెస్సులో కొట్టేసినట్టు అడ్డంగా ఒక్క గీతతో కొట్టేసి, పైన 'రెండు చేతులా' అని రాశారు. ఈలాయన ఈల ఆ కింది లైనులో ఉంది. దాన్ని టైలరు స్వయంగా చదివి సరేనన్నాడు. లైబ్రేరియన్ అమ్మాయి తన ప్రతిలోనూ దిద్దుకుని, మేస్త్రీ దగ్గరికి పరుగెత్తడానికి చెప్పులు వేసుకుంది.

"ఆగమ్మా," అంది ఆయమ్మ. ఆమె ఒళ్ళో టైలరు కుట్టిన చొక్కా ఉంది, దాని మీద రెండు చేతులూ ఉన్నాయి. "మాస్టారూ, ఇంకోసారి చదవండి."

మాస్టారు మొదటినుంచి మళ్ళీ చదివారు.